పాత హైకోర్టు, కొత్త హైకోర్టు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

హైదరాబాద్‌లో మూసీ ఒడ్డున నూరేళ్లకు పైగా నడుస్తున్న హైకోర్టును రాజేంద్రనగర్‌లో కట్టే కొత్త సముదాయంలోకి తరలించాలన్న నిర్ణయంపై మాకు చాలా లేఖలు వచ్చాయి. ఒకే సంగతిని పలువురు అడిగిన చోట ఒకరి లేఖను మాత్రమే తీసుకుని, ఈ వారం శీర్షికను పూర్తిగా దీనికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఇరవై మూడు జిల్లాల కేసులనూ మోసిన భవనం, రాష్ట్రం రెండుగా విడిపోయి సగానికి పైగా పని అమరావతికి వెళ్లిపోయాక సరిపోకుండా పోవడమేమిటి? తగ్గిన పనికి పెద్ద భవనం ఎందుకు?
(ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, సూర్యాపేట)

మీరు వేసిన లెక్క పైకి సబబుగానే కనిపిస్తుంది. ఉమ్మడి హైకోర్టుకు మంజూరైన న్యాయమూర్తుల పదవులు 61. విభజనలో వాటిలో 37 ఆంధ్రప్రదేశ్‌కు, 24 తెలంగాణకు వచ్చాయి. 2019 జనవరి 1న రెండు హైకోర్టులు వేరుపడిన నాడు మూసీ ఒడ్డు భవనం కొంత ఊపిరి పీల్చుకున్న మాట నిజమే. కానీ 2021లో తెలంగాణ హైకోర్టు పదవుల సంఖ్యను 24 నుంచి 42కు పెంచారు. ఖాళీలన్నీ ఏనాడూ పూర్తిగా నిండవు కాబట్టి 42 మందీ ఒకేసారి పీఠాలపై కూర్చునే రోజు ఎప్పుడొస్తుందో చెప్పలేం గానీ, భవనాన్ని లెక్కగట్టేటప్పుడు మంజూరైన సంఖ్యనే ఆధారంగా తీసుకోవాలి.

అసలు చిక్కు మీ ప్రశ్నలోని మొదటి మాటలోనే ఉంది. ఆ భవనం ఉమ్మడి రాష్ట్రానికి సరిపోయిందని అనడం కంటే, దానితోనే సరిపెట్టుకున్నారని అనడం వాస్తవానికి దగ్గరగా ఉంటుంది. మొదటి నమూనాలో ఉన్నవి ఆరు కోర్టు హాళ్లు. 1956 తర్వాత న్యాయమూర్తుల సంఖ్య పెరిగినకొద్దీ వెనుక, పక్కన అదనపు భవనాలు లేచాయి. బయటివారికి కోర్టు అంటే న్యాయమూర్తి కూర్చునే హాలే గుర్తొస్తుంది గానీ, ఒక్క హాలు అదనంగా వచ్చిందంటే దాని వెనుక న్యాయమూర్తి ఛాంబరు, కోర్టు ఆఫీసరుకూ స్టెనోలకూ చోటు, ఆ రోజు విచారణకు రావలసిన కట్టలను పెట్టుకునే గది, వంతు కోసం ఎదురుచూసే న్యాయవాదులు నిలబడే వసారా, అన్నీ కావాలి. వీటికి తోడు ఫైలింగ్ కౌంటర్లు, సర్టిఫైడ్ కాపీల విభాగం, అడ్వకేట్ జనరల్ కార్యాలయం, ప్రభుత్వ న్యాయవాదుల గదులు, న్యాయవాద సంఘం హాలు, గ్రంథాలయం కూడా ఆ ఆవరణలోనే సర్దుకోవాలి. అన్నిటినీ మించి చోటు తినేవి రికార్డులు. ఒక సివిల్ అప్పీలు కింది కోర్టు నుంచి వచ్చేటప్పుడు వట్టి తీర్పుతో రాదు. సాక్ష్యాలు, పత్రాలు, పటాలతో కూడిన కట్ట మొత్తం వస్తుంది. అప్పీలు తేలే దాకా దాన్ని చెదలకూ తడికీ దొరక్కుండా దాచాలి.

విద్యుత్తు వాడకం కొద్దిగా ఉన్న కాలంలో కట్టిన గోడలకు ఇప్పుడు ఎయిర్ కండిషనర్లు, కంప్యూటర్లు, కెమెరాలు, వాటికి కావలసిన తీగలు వేలాడుతున్నాయి. 2009లో మంటలు రేగి గ్రంథాలయంతో సహా భవనంలో కొంత భాగం దెబ్బతిన్నది. తర్వాత బాగుచేశారు గానీ, పాత రాతి కట్టడంలో కాగితం, కరెంటు, జనం ఇంత దట్టంగా ఒకచోట చేరితే ఏమవుతుందో ఆ ఘటనతో తెలిసివచ్చింది. విస్తరిద్దామంటే ముందు నది, పక్కన సిటీ కాలేజీ, వెనుక ఘాన్సీబజార్ ఇళ్లు ఉన్నాయి. లోపల గోడలు కొట్టి మార్చుకుందామంటే అది వారసత్వ కట్టడం. కాబట్టి తరలింపు అవసరమేనన్నది నా అభిప్రాయం. తరలించే పద్ధతి మీద, ఎంచుకున్న స్థలం మీద అభ్యంతరాలు వేరు. వాటి సంగతి కింద వస్తుంది.

ప్రశ్న: పాత హైకోర్టు నమూనా జైపూర్ శిల్పి గీశాడని ఒకచోట, ఆంగ్లేయ ఆర్కిటెక్టు గీశాడని మరొకచోట చదివాను. ఏది నిజం? అంతకు ముందు కోర్టు ఎక్కడ ఉండేది?
(ఒక డిగ్రీ విద్యార్థిని, కరీంనగర్)

రెండు పేర్లూ నిలిచి ఉన్నాయి. న్యాయస్థానం తన చరిత్రగా చెప్పుకునే కథనంలో నమూనా జైపూర్‌కు చెందిన శంకర్‌లాల్‌దని, దాన్ని అమలు చేసిన స్థానిక ఇంజనీరు మెహర్ అలీ ఫాజిల్ అని ఉంటుంది. వాస్తుకళా చరిత్రకారులు ఈ భవనాన్ని ఆంగ్లేయ ఆర్కిటెక్టు విన్సెంట్ ఎష్ పనుల్లో లెక్కిస్తారు. కలకత్తాలో విక్టోరియా మెమోరియల్ నిర్మాణాన్ని పర్యవేక్షించిన ఎష్‌ను నిజాం ప్రభుత్వం 1914 ప్రాంతంలో హైదరాబాద్‌కు రప్పించుకుంది. హైకోర్టు, దాని పక్కనే ఉన్న సిటీ కాలేజీ, నదికి ఆవలి గట్టున ఉస్మానియా ఆసుపత్రి, కాచిగూడ రైల్వే స్టేషను ఆయన పేరుతో ముడిపడినవే. ఆ కాలపు ప్రభుత్వ నిర్మాణాలు ఒక్క చేతి మీదుగా నడిచేవి కావు. ఒకరు గీసిన దాన్ని మరొకరు దిద్దేవారు, ఇంకొకరు కట్టించేవారు. శిలాఫలకం మీద మాత్రం ప్రభువు పేరుండేది. అందువల్ల ఒక పేరును నిలబెట్టడానికి రెండో పేరును కొట్టేయవలసిన పని లేదని నేననుకుంటాను.

తేదీల విషయంలో ఇంత చిక్కు లేదు. 1915 ఏప్రిల్ 15న పని మొదలై 1919 మార్చి 31న ముగిసింది. 1920 ఏప్రిల్ 20న ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ప్రారంభించారు. ఖర్చు 18 లక్షల రూపాయల పైచిలుకు. నయాపూల్ మీద నిలబడి చూస్తే ఎర్ర ఇసుకరాయి, గ్రానైట్ కలిసిన ఆ ముఖభాగం నది వైపే తిరిగి ఉంటుంది. మధ్యలో పెద్ద కమాను, దాని మీద గుమ్మటాలు, మూలల్లో బురుజుల్లాంటి నిర్మాణాలు, రాతిలో తొలిచిన జాలీలు కనిపిస్తాయి. దూరం నుంచి కోటలా, దగ్గరికి వెళ్తే రాజస్థానీ మహల్‌లా తోచడం దాని ప్రత్యేకత. నిజాం పాలన రజతోత్సవాలకు న్యాయశాఖ వారు ఈ భవనం నమూనానే వెండితో చేయించి, వెండి తాళంచెవితో సహా ఆయనకు కానుకగా ఇచ్చారు. పురానీ హవేలీలోని నిజాం మ్యూజియానికి వెళితే దాన్ని చూడవచ్చు. హైదరాబాద్ చూడడానికి వచ్చినవారు చార్మినార్ దగ్గర ఆగిపోతారు గానీ, అక్కడికి నడిచిపోయే దూరంలో ఉన్న ఆ వెండి కోర్టును తప్పక చూడాలి.

ఇక రెండో ప్రశ్న. అంతకు ముందు హైకోర్టుకు ఇంతటి సొంత భవనం లేదు. ఒకచోటి నుంచి మరొకచోటికి మారుతూ నడిచింది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టనబెట్టుకుంది. ఆ తర్వాత విశ్వేశ్వరయ్య సలహాలతో ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు కట్టారు. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి బోర్డు నది గట్లను చక్కదిద్దింది. వరద తుడిచిపెట్టిన ఒడ్డుల మీదే ఒకవైపు ఆసుపత్రి, ఒకవైపు కోర్టు, పాఠశాల లేచాయి. ఈ రోజు మనం పాతదంటున్న కోర్టు ఆ నాటికి నగరంలోని అత్యాధునిక భవనాల్లో ఒకటి. పాత గదులకు అలవాటుపడిన ఆనాటి వకీళ్లలో కొందరైనా దాన్ని చూసి ఇంత పెద్దది మనకెందుకని గొణుక్కునే ఉంటారు.

ప్రశ్న: కొత్త హైకోర్టుకు వ్యవసాయ విశ్వవిద్యాలయం భూమే దొరికిందా? చెట్లు, పరిశోధన క్షేత్రాలు పోతాయని విద్యార్థులు ఆందోళన చేసినప్పుడు పట్టించుకున్నవారే లేరు. న్యాయస్థానమే అలా చేస్తే ఎవరికి చెప్పుకోవాలి?
(ఒక వ్యవసాయ పట్టభద్రుడు, జగిత్యాల)

మీ బాధలో న్యాయముంది. ముందు జరిగిన వరస చెబుతాను. 2023 డిసెంబరులో అప్పటి ప్రధాన న్యాయమూర్తి, ముఖ్యమంత్రి సమావేశమై కొత్త భవనం కట్టాలనుకున్నారు. ఆ తర్వాత రాజేంద్రనగర్ మండలం బుద్వేల్, ప్రేమావతిపేట పరిధిలో 100 ఎకరాలు కేటాయిస్తూ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ఆ భూమి ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం, కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయం అధీనంలో ఉన్నది. 2024 జనవరిలో విద్యార్థులు ఆ ఉత్తర్వు రద్దు చేయాలని వారాల తరబడి ఆందోళన చేశారు. మార్చి 27న అప్పటి భారత ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ శంకుస్థాపన చేశారు.

వ్యవసాయ విశ్వవిద్యాలయం భూమిని ఖాళీ జాగాగా చూడడం మన ప్రభుత్వాలకు, ఏ పార్టీదైనా సరే, పాత అలవాటు. అక్కడ వరిమడిలో ఒక వంగడాన్ని పరీక్షించాలంటే అదే నేలలో ఏళ్ల తరబడి పండించి లెక్కలు రాసుకోవాలి. ఆ నేల గుణం, అంతకు ముందు వేసిన పంటలు, ఎరువుల చరిత్ర, అన్నీ పరిశోధనలో భాగాలే. నూరు ఎకరాలకు బదులు మరొకచోట నూరు ఎకరాలు ఇస్తామంటే రెవెన్యూ లెక్క సరిపోతుంది గానీ పరిశోధన లెక్క సరిపోదు. 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయంగా పుట్టిన నాటి నుంచి ఆ ప్రాంగణం చుట్టూ నగరం ఎలా కమ్ముకొచ్చిందో రాజేంద్రనగర్ వాసులకు తెలుసు.

అయితే అవతలి వాదన కూడా వినాలి. హైకోర్టుకు నగరానికి మరీ దూరం కాని, జాతీయ రహదారికి దగ్గరగా ఉన్న, ఒకే ముక్కగా దొరికే పెద్ద స్థలం కావాలి. అలాంటి ప్రభుత్వ భూమి హైదరాబాద్ చుట్టుపక్కల ఎంత మిగిలిందో మనకు తెలియనిది కాదు. ప్రైవేటు భూమిని సేకరించాలంటే ఆ వివాదం మళ్లీ ఇదే హైకోర్టు మెట్లెక్కేది. ఈ ఇబ్బందిని గుర్తిస్తూనే చెబుతున్నాను: నూరు ఎకరాలు ఒక కోర్టుకు చాలా ఎక్కువ. నది ఒడ్డున ఇరుకులో ఇన్నేళ్లు గడిపినవారికి విశాలంగా ఉండాలన్న కోరిక సహజమే గానీ, అవసరమైనంత నిర్మాణాన్ని కొద్ది ఎకరాల్లో పైకి కట్టి, మిగిలిన చెట్లను ఉన్నవి ఉన్నట్టు వదిలేయవచ్చు. పచ్చిక బయళ్లు, ఫౌంటెన్లు వేయడానికి ఉన్న వృక్షాలను కొట్టేయడం కంటే అవివేకం లేదు. ఎవరికి చెప్పుకోవాలన్నారు కదా, కోర్టు ప్రయోజనం ముడిపడిన వ్యవహారంలోనూ రిట్ వేసుకునే హక్కు పౌరుడికి ఉంటుంది. తుది మాట చెప్పడానికి సుప్రీంకోర్టు ఉండనే ఉంది.

ప్రశ్న: కోర్టు వెళ్లిపోయాక పాత భవనాన్ని ఏం చేస్తారు? మ్యూజియం చేస్తే బాగుంటుంది కదా?
(ఒక గృహిణి, హైదరాబాద్)

మ్యూజియం మాట వినగానే నాకు కొంచెం భయమేస్తుంది. మ్యూజియంగా మార్చినందువల్లే ఒక కట్టడం బతుకుతుందనుకోవడం పొరపాటు. నిధులు, సిబ్బంది, చూడడానికి రావలసిన జనం, ఈ మూడూ లేని మ్యూజియాలు మన రాష్ట్రాల్లో కొదవ లేదు. అక్కడ గుమ్మం దగ్గర కాపలాదారు, లోపల గబ్బిలాలు మాత్రమే ఉంటాయి. హైకోర్టు భవనానికి ఎదురుగా నదికి ఆవల ఉన్న ఉస్మానియా ఆసుపత్రి పాత భవనాన్ని చూడండి. 2020 జులైలో వాన నీరు వార్డుల్లోకి చేరాక రోగులను ఖాళీ చేయించి దాన్ని మూసేశారు. కూల్చాలా, బాగుచేయాలా అన్న వాదన ఏళ్లకొద్దీ సాగింది. ఆసుపత్రికి కొత్త భవనం గోషామహల్‌లో 2025లో శంకుస్థాపన చేసుకున్నది. ఒకే కాలంలో, ఒకే నది ఒడ్డున పుట్టిన జంట భవనాల్లో ఒకటి ఖాళీ అయితే ఏమవుతుందో రెండోదానికి ఎదురుగానే ఉంది. రాతి గోడ వందేళ్లు నిలుస్తుంది గానీ, పైకప్పు మీద మొలిచిన రావి మొక్కను పీకేవాడు లేకపోతే పదేళ్లకే కుంగుతుంది. రోజూ మనుషులు తిరిగే భవనంలో నీటి చుక్క కారిన మర్నాడే ఎవరో ఒకరు ఫిర్యాదు చేస్తారు.

అందువల్ల ఆ భవనం న్యాయస్థానంగానే మిగలాలన్నది నా గట్టి అభిప్రాయం. పాత భవనాన్ని వారసత్వ కట్టడంగా కాపాడి, మరమ్మతులు చేసి సిటీ కోర్టుకో ఇతర న్యాయస్థానాలకో వాడతామని 2023 డిసెంబరులో ముఖ్యమంత్రి చెప్పారు. ఆ మాట నిలబడితే అంతకంటే కావలసింది లేదు. ఇప్పుడు పురానీ హవేలీలో సిటీ సివిల్ కోర్టు ఎంత ఇరుకుగా నడుస్తున్నదో అక్కడికి వెళ్లే వకీళ్లను అడిగితే చెబుతారు. సివిల్ దావాలు, కుటుంబ కోర్టులు, వినియోగదారుల వివాదాల వంటివాటికి 42 మంది హైకోర్టు న్యాయమూర్తులకు కావలసినంత హంగు అక్కర్లేదు. అదనపు భవనాలను తీసేసి 1920 నాటి భవనాన్ని దాని మొదటి కొలతల్లో వదిలినా వాటిలో కొన్నిటికి చోటు దొరుకుతుంది. పారిస్‌లో 2018లో ఇలాగే చేశారు. నగరం అంచున రెంజో పియానో రూపకల్పనలో 160 మీటర్ల ఎత్తు గాజు భవనం కట్టి కింది కోర్టును అక్కడికి తరలించి, నది మధ్య ద్వీపంలోని పాత న్యాయ ప్రాసాదంలో అప్పీలు కోర్టును, అత్యున్నత న్యాయస్థానాన్ని అలాగే ఉంచారు. మనం చేయబోయేది దానికి తలకిందులు: పైకోర్టు వెళ్తుంది, కింది కోర్టు రావాలి.

చట్టపరంగానూ కొంత రక్ష ఉంది. 1995లో ప్రకటించిన నగర వారసత్వ కట్టడాల జాబితాలో హైకోర్టు భవనం ఉంది. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. అన్నిటికంటే బలమైన రక్ష ఆ భవనంలో కూర్చున్న న్యాయమూర్తులే ఇచ్చారనవచ్చు. ఎర్రమంజిల్ మహల్‌ను కూల్చి కొత్త శాసనసభ కట్టాలన్న మంత్రివర్గ నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో ఇదే హైకోర్టు కొట్టివేసింది. వేరే భవనం విషయంలో అంత కచ్చితంగా మాట్లాడిన న్యాయస్థానం తన సొంత భవనాన్ని నిర్లక్ష్యానికి వదిలేస్తే, ఆ తీర్పునే ఎవరైనా తెచ్చి దాని ముందు పెడతారు.

ప్రశ్న: మాది ఆదిలాబాద్ జిల్లా. భూమి కేసు హైకోర్టులో ఉంది. ఇప్పటి దాకా ఎంజీబీఎస్‌లో దిగి నడిచి వెళ్లేవాళ్లం. రాజేంద్రనగర్‌కు ఎలా పోవాలి? పేదవాళ్ల సంగతి ఎవరైనా ఆలోచించారా?
(ఒక రైతు, ఉట్నూరు)

తరలింపు గురించి వచ్చిన లేఖలన్నిటిలోకీ నాకు ముఖ్యమనిపించిన ప్రశ్న ఇదే. పాత హైకోర్టుకున్న గొప్ప సౌకర్యం దాని గుమ్మటాలు కావు, దాని చోటు. రాష్ట్రం నలుమూలల బస్సులు వచ్చే మహాత్మాగాంధీ బస్ స్టేషన్ పక్కనే ఉంది. రెండు మెట్రో మార్గాలు కలిసే స్టేషనూ అక్కడే. కాచిగూడ, నాంపల్లి రైల్వే స్టేషన్లు ఆటో దూరం. కొత్త స్థలం అక్కడికి పది కిలోమీటర్ల పైనే. బెంగళూరు రహదారి మీద వచ్చే మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి వారికి ఆరాంఘర్‌లో దిగితే చాలు కాబట్టి లాభమే. నల్లగొండ, ఖమ్మం వారు ఎల్.బి.నగర్‌లో దిగి రింగ్ రోడ్డు మీదుగా ఆరాంఘర్ చేరవలసి వస్తుంది. నగరాన్ని ఆసాంతం దాటవలసిన మీబోటి ఉత్తర జిల్లాల వారికే నష్టం ఎక్కువ. విమానాశ్రయానికి వేసే మెట్రో మార్గాన్ని ఆరాంఘర్, కొత్త హైకోర్టు మీదుగా తీసుకెళ్లాలని రెండో దశ ప్రతిపాదనల్లో ఉంది గానీ, ప్రతిపాదన మీద ఎక్కి ఎవరూ వాయిదాకు వెళ్లలేరు. కోర్టు తరలే మొదటి రోజు నుంచే ఎంజీబీఎస్, జూబ్లీ బస్ స్టేషన్ (జేబీఎస్)ల నుంచి కోర్టు వేళలకు నేరుగా సిటీ బస్సులు నడపడం ఆర్టీసీకి అసాధ్యమేమీ కాదు. దాన్ని న్యాయవాద సంఘాలు ఇప్పుడే రాతపూర్వకంగా అడగాలి.

మీకొక మాట చెప్పాలి. హైకోర్టులో మీ కేసు వాయిదా ఉన్న ప్రతిసారీ మీరు రానక్కర్లేదు. న్యాయమూర్తి ప్రత్యేకంగా హాజరు కమ్మంటే తప్ప, వకాలత్‌నామా పుచ్చుకున్న న్యాయవాది మీ తరఫున నిలబడతారు. కాజ్ లిస్టు (ఆ రోజు విచారణకు వచ్చే కేసుల జాబితా), కేసు స్థితి ఫోన్లోనే చూసుకోవచ్చు. అయినా రైతు వస్తాడు. తన భూమి గురించి ఏమంటున్నారో చెవులారా వినాలనుకుంటాడు. ఆ రాక వృథా అని నేననను. అలా వచ్చినవాడికి ఆ పెద్ద ఆవరణలో కూర్చోవడానికి నీడ, తాగడానికి నీళ్లు, శుభ్రమైన మరుగుదొడ్డి, తన కేసు ఏ హాల్లో ఎన్నో నంబరులో ఉందో తెలుగులో చూపే బోర్డు, చదువురానివారికి చెప్పడానికి ఒక మనిషి ఉండాలి. ఇప్పుడు పాత కోర్టులో ఉదయం పదింటికి గేటు దగ్గర నిలబడి చూస్తే, పాసు కోసం గుర్తింపు కార్డు వెతుక్కునే వృద్ధులు, ఒక చేతిలో కాగితాల సంచి, మరో చేతిలో చంటిబిడ్డతో వచ్చిన తల్లులు కనిపిస్తారు. కొత్త భవనంలో గేటు నుంచి కోర్టు హాలు దాకా నడవాల్సిన దూరం ఎంతో, ఆ దూరాన్ని ముసలివాళ్లు ఎలా దాటుతారో రూపకర్తలు ఇప్పుడే చెప్పాలి. న్యాయమూర్తులకు, న్యాయవాదులకు, కక్షిదారులకు వేరువేరు దారులు ఉండడం భద్రత దృష్ట్యా మంచిదే. ఆ దారుల్లో అందరికంటే పొడవైనది కక్షిదారుడి దారి కాకూడదు.

ప్రశ్న: హైకోర్టు చుట్టూ టైపింగ్, జిరాక్స్, నోటరీ, స్టాంపు కాగితాలు అమ్ముకునేవాళ్లం చాలామందిమి ఉన్నాం. మా గతేమిటి?
(ఒక జిరాక్స్ దుకాణదారుడు, హైదరాబాద్)

సిటీ కోర్టులు పాత భవనంలోకి వస్తే మీ వ్యాపారం తగ్గినా నిలబడుతుంది. అందుకే ఆ మాట నిలబడాలని మీరు కూడా గట్టిగా అడగండి. కొత్త సముదాయంలో దుకాణాలు కడితే, వాటిని వేలంలో పెద్ద కంపెనీలకు కట్టబెట్టకుండా ఇప్పుడు ఈ పని మీద బతుకుతున్నవారికి మొదటి అవకాశం ఇవ్వాలని హైకోర్టు రిజిస్ట్రీకి సంఘంగా వినతిపత్రం పెట్టుకోండి. ఒంటరిగా పెడితే అది ఏ కట్టలోనో చేరిపోతుంది. ఇంకో మాట. ఈ-ఫైలింగ్ పెరిగినకొద్దీ టైపు కొట్టే పని తగ్గి, పత్రాలను స్కాన్ చేసి, బుక్‌మార్కులు పెట్టి, కోర్టు అడిగిన కొలతల్లో అప్‌లోడ్ చేసే పని పెరుగుతుంది. గుమాస్తాలకూ చిన్న వకీళ్లకూ ఆ పని చేసిపెట్టేవారు ఎక్కడైనా కావాలి. భవనం మారకపోయినా వచ్చే మార్పే ఇది.

ప్రశ్న: ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఎన్నిసార్లు ఇల్లు మారింది? కర్నూలుకు వస్తుందన్నారు, ఏమైంది?
(ఒక న్యాయవాది, నంద్యాల)

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక మరో తొమ్మిది నెలలు మద్రాసు హైకోర్టే మన కేసులు విన్నది. 1954 జులై 5న గుంటూరులో ఆంధ్ర హైకోర్టు మొదలైంది. కోకా సుబ్బారావు తొలి ప్రధాన న్యాయమూర్తి. రాజధాని కర్నూలుకు, హైకోర్టు గుంటూరుకు అన్న ఈ పంపకానికి కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య 1937లో కుదిరిన శ్రీబాగ్ ఒప్పందం మూలం. రెంటిలో ఒకటి రాయలసీమకు దక్కాలన్నది ఆ పెద్దమనుషుల మాట. 1956 నవంబరు 1న రెండు హైకోర్టులు కలిసి హైదరాబాద్‌లోని ఈ మూసీ ఒడ్డు భవనంలో చేరాయి. 2019 జనవరి 1న విడిపోయాక ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కొద్ది నెలలు విజయవాడలో ముఖ్యమంత్రి క్యాంపు కార్యాలయంగా ఉన్న భవనంలో సర్దుకుని, తర్వాత అమరావతిలోని నేలపాడుకు మారింది. ఫిబ్రవరి 3న అప్పటి భారత ప్రధాన న్యాయమూర్తి రంజన్ గొగోయ్ ప్రారంభించిన ఆ భవనం పేరులోనే తాత్కాలికం ఉంది. స్తూపాకారంలో శాశ్వత భవనానికి లండన్‌లోని ఫోస్టర్ సంస్థ నమూనా ఇచ్చింది.

కర్నూలును న్యాయ రాజధాని చేస్తామన్న చట్టాన్ని 2021 నవంబరులో ప్రభుత్వమే వెనక్కు తీసుకున్నది. 2024 నవంబరులో కర్నూలులో హైకోర్టు బెంచి ఏర్పాటు చేయాలని శాసనసభ తీర్మానించింది. బెంచి రావడానికి హైకోర్టు, కేంద్రం కూడా ఒప్పుకోవాలి. ఇక్కడ నా మాట ఒకటి చెబుతాను. హిందూపురం నుంచి నేలపాడుకు రాత్రంతా ప్రయాణించే కక్షిదారుడికి స్తూపాకార భవనం కంటే కర్నూలులో నాలుగు కోర్టు హాళ్లు ఎక్కువ ఉపయోగం. తెలంగాణలో ఒకే నగరంలో పది కిలోమీటర్ల మార్పుకు ఇంత చర్చ జరుగుతుంటే, సీమవాసులు ఎనభై ఏళ్లకు పైగా అడుగుతున్నది దానికంటే చాలా సబబైన కోరిక.

ప్రశ్న: మా కేసు పెండింగులో ఉంది. కోర్టు మారితే మళ్లీ కొత్తగా దాఖలు చేయాలా? ఫీజు మళ్లీ కట్టాలా?
(ఒక పాఠకురాలు, నిజామాబాద్)

అక్కర్లేదు. మారేది భవనమే, న్యాయస్థానం కాదు. కేసు నంబరు, కట్టిన ఫీజు, ఇచ్చిన వకాలత్‌నామా, వచ్చిన మధ్యంతర ఉత్తర్వులు అన్నీ అలాగే చెల్లుతాయి. కోర్టు తరలే రోజుల్లో కొన్ని వాయిదాలు వెనక్కి జరగవచ్చు. మీకు ఉన్న స్టే ఉత్తర్వు ఒక తేదీ వరకే ఇచ్చినదైతే, ఆ తేదీ తరలింపు సెలవుల్లో పడుతుందేమో మీ న్యాయవాదిని ముందుగానే అడిగి, పొడిగింపు కోసం దరఖాస్తు వేయించుకోండి. రికార్డులు లారీల్లో కదిలే సమయం కాబట్టి మీ దగ్గరున్న ఉత్తర్వుల సర్టిఫైడ్ కాపీలను ఇంట్లో జాగ్రత్తగా పెట్టుకోండి. లేనివాటికి ఇప్పుడే కాపీ దరఖాస్తు పెట్టించండి.